నెమ్మది అల మందబుద్ధి కాదు

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో మనవారి ఇళ్ళు కొన్నింటిలో, ట్రంకుపెట్టె అడుగున, పొలం పత్రాల ప్రక్కన, నాలుగు మడతలు పెట్టి దాచిన ఒక కాగితం ఉంటుంది. దాని మీద వరుసలు వరుసలుగా వంకర గీతలు, వాటి క్రింద నాలుగు వాక్యాల ఇంగ్లీషు. బిడ్డకు మూర్ఛ వచ్చినప్పుడో, ముసలాయన మాట తడబడి మగతలో పడినప్పుడో బెంగుళూరు తీసుకుపోతే అక్కడ ఇచ్చిన కాగితం అది. ‘ఈఈజీ రిపోర్టు’ అంటారు. ఆ నాలుగు వాక్యాలలో మనవారిని నిద్ర పోనీయకుండా చేసే మాట ఒకటి ఉంటుంది: ‘స్లోయింగ్’. మెదడు అలలు నెమ్మదించినవని దాని అర్థం.

ఈ ‘స్లో’ అనే మాట మన ఇంటికి చేరేలోపల మూడు భాషలు దాటి రావలసి ఉన్నది. కాగితం మీద ఇంగ్లీషు, ఆస్పత్రి వరండాలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఇంగ్లీషు ‘స్లో’ కన్నడంలో ‘మంద’ అవుతుంది. ఆ మందం మన గడప దాటి లోపలికి వచ్చేసరికి ‘మందబుద్ధి’ అయి కూర్చుంటుంది. ఆ తరువాత కథ మనకు తెలిసినదే. చక్కగా ఎక్కాలు అప్పజెప్పే పిల్లవానిని ‘వీడికి చదువు రాదట’ అని బడి మాన్పిస్తారు. ఆడపిల్ల అయితే సంబంధాలు వచ్చినప్పుడు ఆ కాగితం పెట్టె అడుగుకు పోతుంది. దానితోపాటు మందులు కూడా అడుగుకు పోతవి. పెద్దవారి విషయమైతే ‘వయసయింది, మెదడు మందగించింది, ఇంకేం చేస్తాం’ అని మంచం మీద వదిలివేస్తారు. ఈ మూడింటిలో ఏదీ ఆ కాగితం చెప్పిన మాట కాదు. అది నిజానికి ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు అన్నది ఈ నెల మన ముచ్చట.

ముందుగా ఒక భయం తీర్చవలసి ఉన్నది. ఈఈజీ అనగానే ‘తలకు కరెంటు పెడతారట’ అని బెదిరిపోయేవారు మనలో ఇంకా ఉన్నారు. మానసిక వైద్యంలో కొందరు రోగులకు ఇచ్చే విద్యుత్ చికిత్స వేరు, ఇది వేరు. ఈఈజీలో మనిషి లోపలికి ఏ కరెంటూ పోదు. డాక్టరు చెవులకు గొట్టం తగిలించుకొని గుండె చప్పుడు వింటాడు గదా, అట్లాగే ఈ యంత్రం తల మీది నుంచి మెదడు పనిని వింటుంది. సుమారు 20 చిన్న లోహపు బిళ్ళలను లేపనంతో నెత్తిన అంటించి, మెదడు తనంతట తాను పుట్టించుకునే విద్యుత్తును గీతలుగా గీస్తుంది. ఆ విద్యుత్తు ఎంత స్వల్పమంటే, ఒక మామూలు అల 50 మైక్రోవోల్టులు అనుకుంటే, టార్చిలైటులో వేసే ఒకటిన్నర వోల్టు సెల్లులో ముప్పైవేలవ వంతు. నొప్పి లేదు, సూది లేదు, మత్తు లేదు. అరగంట, ముప్పాతిక గంట పడుకొని లేచి రావడమే.

ఈ విద్యను మనుషులలో మొదట సాధించినవాడు హాన్స్ బెర్గర్ అనే జర్మను వైద్యుడు. యేనా పట్టణంలో మానసిక వైద్యశాలకు ఆయన అధిపతి. 1924లో మొదటిసారి మనిషి మెదడు అలలను పట్టినాడు. తాను చూసినది నిజమో యంత్రపు దోషమో అని ఐదేళ్ళు మళ్ళీ మళ్ళీ పరీక్షించుకొని 1929లో లోకానికి చెప్పినాడు. అంతకు చాలా ముందే, 1875లో, ఇంగ్లండులో లివర్‌పూల్ వైద్యుడు రిచర్డ్ కేటన్ కుందేళ్ళ మెదళ్ళలోను, కోతుల మెదళ్ళలోను విద్యుత్తు ఉన్నదని చూపించి ఉన్నాడు. అయినా బెర్గర్ మాట చాలామంది వెంటనే నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ అనే ఇద్దరు అదే పని చేసి చూపించిన తరువాతగాని నమ్మకం కుదరలేదు.

ఇక అలల సంగతి. కళ్ళు మూసుకొని, నిద్రపోకుండా, నిమ్మళంగా ఉన్న ఆరోగ్యవంతుడైన పెద్దమనిషికి తల వెనుక భాగంలో సెకనుకు 8 నుంచి 13 అలలు లేస్తవి. వీటికి ఆల్ఫా అని బెర్గరే పేరు పెట్టినాడు. అంతకంటె వేగమైనవి బీటా. 8కి లోపు, 4 వరకు ఉన్నవి తీటా. 4కంటె తక్కువైనవి డెల్టా. తీటా, డెల్టాలనే నెమ్మది అలలు అంటారు. నీటిలో రాయి వేస్తే లేచే చిన్న అలలవంటివి మొదటి రెండు, నిండు చెరువులో గాలికి కదిలే పెద్ద తెరలవంటివి చివరి రెండు అనుకుంటే సరిపోతుంది.

ఇక్కడే ఒక ముఖ్య విషయం మరువరాదు. నెమ్మది అల అన్నది దానంతట అది దోషం కాదు. మూడు నెలల పసిబిడ్డ మెళకువగా ఉన్నప్పుడు కూడా తల వెనుక సెకనుకు 3, 4 అలలే ఉంటవి. ఏడాది నిండేసరికి 5, 6 అవుతవి. మూడేళ్ళ ప్రాయానికి 8 దగ్గరకు వస్తవి. బిడ్డ నిలబడి, నడిచి, మాటలు నేర్చినట్లే మెదడు అల కూడా పెరిగి పెద్దదవుతుంది. పెద్దవారమైన మనమైనా రాత్రి గాఢనిద్రలో ఉండగా మన మెదడు నిండా డెల్టా అలలే. అది విశ్రాంతి, రోగం కాదు. అందువలన రిపోర్టు వ్రాసే వైద్యుడు ముందుగా చూసేది రెండు సంగతులు: మనిషి వయసెంత, ఆ సమయాన మెళకువా నిద్రా. ఈ రెండూ తెలియక ‘స్లో’ అన్న ఒక్క మాటను పట్టుకోవడం, నెలా తిథీ చూడకుండా పంచాంగం చదవడంవంటిది.

మరి ఎప్పుడు దోషమవుతుంది? పెద్దమనిషి మెళకువగా ఉన్నప్పుడు, లేదా పిల్లవానికి ఆ వయసుకు ఉండవలసిన దానికంటె, అల నెమ్మదిస్తే ఏదో కారణం ఉన్నదన్నమాట. ఈ నెమ్మదింపు రెండు విధాలు. మెదడంతటా ఒకే విధంగా నెమ్మదించడం ఒకటి. దీనినే రిపోర్టులో ‘జనరలైజ్డ్ స్లోయింగ్’ అని వ్రాస్తారు. ఒక ప్రక్కన, ఒక చోట మాత్రమే నెమ్మదించడం రెండవది. అది ‘ఫోకల్ స్లోయింగ్’.

మొదటిదానికి మన పల్లెలలో అందరికీ తెలిసిన నిదర్శనం ఉన్నది. మొన్నటిదాకా సంతకు పోయి బేరమాడి వచ్చిన పెద్దాయన రెండు రోజులుగా పగలు మగతగా పడి ఉంటాడు. రాత్రి లేచి, లేని మనుషులను పలకరిస్తాడు, కొడుకును తమ్ముడనుకుంటాడు. మనవారు దీనిని సంధి అన్నారు. సంధి ప్రేలాపన అన్నారు. ఈ స్థితిలో ఈఈజీ తీస్తే సాధారణంగా మెదడంతా నెమ్మది అలలే కనబడతవి. మగత ఎంత ఎక్కువైతే అల అంత నెమ్మదిస్తుంది. అయితే కారణం చాలాసార్లు మెదడులో లేదు. రక్తంలో ఉప్పు, అంటే సోడియం, తగ్గి ఉండవచ్చును. రక్తపోటుకు వాడే కొన్ని నీటిమాత్రల వలన వృద్ధులలో ఇది జరుగుతుంది. చక్కెర పడిపోయి ఉండవచ్చును. మూత్రపిండాలు పని మాని మలినం రక్తంలో నిలిచి ఉండవచ్చును. త్రాగుడు వలననో మరొక విధంగానో కాలేయం చెడి, అది విరచవలసిన అమ్మోనియా మెదడుకు ఎక్కి ఉండవచ్చును. మూత్రంలో చీము పట్టినా, ఊపిరితిత్తులకు కఫం పట్టినా, నిద్రమాత్ర ఎక్కువైనా వృద్ధులలో ఇదే రూపం. కారణం కనిపెట్టి సరిచేస్తే, ఉప్పు తగ్గినవాని ఉప్పు జాగ్రత్తగా పెంచితే, చీముకు మందిస్తే, మనిషి తేరుకుంటాడు, అలలూ తేరుకుంటవి. ఇటువంటి కాగితం చూసి ‘మెదడు పోయింది’ అని ఇంటికి తెచ్చి పడుకోబెట్టడం ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి. బాగుచేయదగిన జబ్బు అది.

ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా జ్ఞాపకం తగ్గిపోయే మతిమరుపు జబ్బులో, అంటే అల్జైమర్ మొదలైనవాటిలో, కూడా అలలు నెమ్మదిస్తవి. అది వేరు కథ. కొండగుర్తు ఏమనగా: రోజులలో వచ్చిన మార్పు అయితే ఆస్పత్రికి పరుగెత్తవలసినది, ఏళ్ళలో వచ్చినదైతే నిదానంగా చూపించవలసినది. మతిమరుపు ముందే ఉన్నవారికి కూడా ఉన్నట్టుండి రెండు రోజులలో మార్పు వస్తే ‘పాత జబ్బే’ అని ఊరుకోరాదు.

రెండవ విధం, ఒక చోట మాత్రమే నెమ్మదించడం. దీని మర్మం 1936లో ఇంగ్లండులో గ్రే వాల్టర్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టినాడు. మెదడులో గడ్డ ఉన్నవారికి ఆ గడ్డ చుట్టుప్రక్కల భాగం నుంచి నెమ్మది అలలు వస్తవని చూపించి, వాటికి డెల్టా అని పేరు పెట్టినాడు. గడ్డ తాను మూగది. దాని వలన ఒత్తిడి పడిన ఇరుగుపొరుగే కుయ్యోమంటుంది. తల విప్పకుండా గడ్డ ఎక్కడ ఉన్నదో చెప్పగలగడం ఆ కాలంలో చాలా గొప్ప సంగతి. ఇప్పుడు ఆ పని సి.టి., ఎం.ఆర్.ఐ. యంత్రాలు ఇంకా బాగా చేస్తున్నవి. గడ్డ మాత్రమే కాదు, రక్తనాళం పూడిన చోట, దెబ్బ తగిలిన చోట, చీము పట్టిన చోట, సరిగా కడగని కూరగాయల మీదుగా కూడా మన కడుపులోకి చేరే బద్దెపురుగు గ్రుడ్ల వలన మెదడులో తిత్తి ఏర్పడిన చోట కూడా ఇట్లాగే నెమ్మది అలలు రావచ్చును. కాబట్టి ‘ఫోకల్ స్లోయింగ్’ అని ఉంటే, ‘అక్కడ ఏమున్నదో బొమ్మ తీసి చూడండి’ అని వ్రేలు చూపినట్లు. ఒక్క హెచ్చరిక: ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట పోయినా ఈఈజీ కోసమో, మంచి రోజు కోసమో ఆగరాదు. రక్తపుగడ్డను కరిగించే మందు మొదటి నాలుగున్నర గంటలలోనే పనికి వస్తుంది. వెంటనే 108కి ఫోను చేయవలెను.

మన ప్రాంతానికి ఈ నెమ్మది అలలతో ఒక పాత, చేదు పరిచయం కూడా ఉన్నది. 2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయ్యేవరకు మన మూడు తాలూకాలూ కోలారు జిల్లాలోనివే గదా. ఆ కోలారు జిల్లాలో 1977, 78 సంవత్సరాలలో మెదడువాపు జ్వరం చెలరేగింది. జపాను మెదడువాపు అని దాని పేరు. మన దేశంలో ఈ జబ్బును మొదట 1955లో తమిళదేశంలో, వేలూరు ప్రాంతంలో గుర్తించినారు. వరిమళ్ళలో నిలిచిన నీటిలో పెరిగే ఒక జాతి దోమలు పందుల నుంచి, కొంగలవంటి నీటిపక్షుల నుంచి ఈ విషక్రిమిని తెచ్చి మనుషులకు కుడతవి. ఒక మనిషి నుంచి మరొక మనిషికి ఇది అంటదు. పిల్లలకే ఎక్కువగా వస్తుంది. జ్వరం, తలనొప్పి, వాంతి, పిమ్మట మూర్ఛలు, మగత. ఈ జబ్బులో ఈఈజీ తీస్తే సాధారణంగా మెదడంతా తీటా, డెల్టా అలలతో నిండి ఉంటుంది. మెదడువాపుదాకా పోయినవారిలో నూటికి 30 మందివరకు చనిపోవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బ్రతికినవారిలో కొందరికి కాలో చేయో మాటో దెబ్బ తినిపోతుంది. క్రిమిని నేరుగా చంపే మందు ఇప్పటికీ లేదు. టీకా మాత్రం ఉన్నది. ఈ జబ్బు ఉన్న జిల్లాలలో పసిబిడ్డలకు 9 నెలలు నిండిన తరువాత ఒకటి, ఏడాదిన్నర ప్రాంతాన ఒకటి, రెండు మోతాదులు ఉచితంగా వేస్తారు. మీ ఇంటి బిడ్డ టీకా కార్డు ఒకసారి తీసి చూసుకొని, సందేహముంటే మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి.

టీకా మాట వచ్చింది గనుక తట్టును గురించి కూడా చెప్పవలెను. ‘అమ్మవారు పోసింది, మూడు రోజులలో చల్లబడింది’ అని మనం మరిచిపోయిన తట్టు, ఎక్కడో అరుదుగా, ఏళ్ళ తరువాత మెదడులో తిరిగి లేస్తుంది. బాగా చదువుతున్న పిల్లవాడు చదువులో వెనుకబడతాడు, చేతిలోని చెంబు జారవిడుస్తాడు, ఉండి ఉండి ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. ఈ జబ్బులో ఈఈజీ మీద కొన్ని సెకన్లకొకసారి, గడియారం కొట్టినట్లు, పెద్ద పెద్ద నెమ్మది అలల గుంపులు లేస్తవి. గీతలను చూసి జబ్బు పేరు దాదాపు చెప్పగలిగే కొద్ది సందర్భాలలో ఇదొకటి. దీనిని నయం చేసే మందు లేదు. రెండేళ్ళలోపు తట్టు వచ్చిన బిడ్డలకే ఈ ముప్పు ఎక్కువ. తట్టు టీకా వేయించుకొన్న బిడ్డకు ఈ ఆపద దాదాపు లేనట్లే.

ఇప్పుడు మూర్ఛ సంగతి. మనవారు ఎక్కువమంది ఈఈజీ గదిలో అడుగు పెట్టేది దీనికోసమే. బెంగుళూరులోను, దాని చుట్టుపట్ల పల్లెలలోను లక్షమందికి పైగా జనాన్ని ఇల్లిల్లూ తిరిగి విచారించి నిమ్హాన్స్ వైద్యులు 2004లో ప్రకటించిన లెక్కలో వెయ్యిమందికి దాదాపు 9 మందికి మూర్ఛవ్యాధి ఉన్నది. పట్నంలో 6 అయితే పల్లెలలో 12. అంటే మూడువేల గడపలున్న మన ఊళ్ళలో ఇది అరుదైన జబ్బేమీ కాదు. మూర్ఛవ్యాధిని సూచించే గీతలు నెమ్మది అలలు కావు, ముల్లులా పైకి లేచే మొనలు. మరి మూర్ఛ రోగి రిపోర్టులో నెమ్మది అలలు ఎందుకు ఉంటవి? మూర్ఛ వచ్చి పోయిన తరువాత మెదడు అలసిపోతుంది. ఆ అలసట గంటలు, ఒక్కొక్కప్పుడు రోజులు ఉంటుంది. ఆ సమయంలో తీస్తే అలలు నెమ్మదిగానే ఉంటవి. మూర్ఛకిచ్చే మందు మోతాదు ఎక్కువైనా నెమ్మదిస్తవి. కొన్నాళ్ళకు మళ్ళీ తీస్తే బాగుండవచ్చును. ఇందులో పిల్లవాని తెలివిని గురించిన తీర్పు ఏమీ లేదు.

దీనికి ఎదురు కూడా నిజమే. ఈఈజీ బాగుంటే మూర్ఛవ్యాధి లేదని కాదు. దీనికి మన కర్ణాటకమే నిదర్శనం. నెత్తిన వేడివేడి నీళ్ళు చెంబులతో గుమ్మరించుకొన్నప్పుడు మాత్రమే వచ్చే మూర్ఛ ఒకటి ఉన్నది. లోకంలో మరి ఎక్కడా లేనంత ఎక్కువగా దక్షిణ కర్ణాటకంలో కనబడుతుంది. బెంగుళూరు వైద్యుడు కె. ఎస్. మణి, ఆయన సహచరులు 1970లలో దీనిని ప్రపంచ వైద్య పత్రికలలోకి ఎక్కించినారు. ఈ రోగులలో చాలామందికి మామూలు సమయంలో తీసిన ఈఈజీ శుభ్రంగా ఉంటుంది. శనివారం తలంటిన నాడే బిడ్డ కళ్ళు తేలవేస్తున్నదంటే, ఆ సంగతి గీతలు చెప్పవు, తలంటిన తల్లి చెప్పవలెను. నీళ్ళ వేడి తగ్గించి, నెత్తిన గుమ్మరించడం మానితేనే కొందరికి సగం జబ్బు తగ్గుతుంది.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాము. నెమ్మది అల ‘ఏదో జరిగింది’ అని చెబుతుంది. ‘ఏమి జరిగింది’ అని చెప్పదు. ఉప్పు తగ్గినా, కాలేయం చెడినా, క్రిమి చేరినా, నిన్ననే మూర్ఛ వచ్చినా, మందు ఎక్కువైనా గీత దాదాపు ఒక్కటే. వీటిలో ఏది అన్నది తేల్చడానికి వైద్యునికి కావలసినది కళ్ళారా చూసినవారి మాట. మనం చేసేది ఏమిటి? మూర్ఛను చూసిన అవ్వను ఇంటిలో గొడ్డూగోదా చూడమని వదిలి, ఆ రోజు ఊళ్ళోనే లేని మేనమామను, బెంగుళూరు దారులు తెలుసునని, బిడ్డ వెంట పంపుతాము. ఆయన అక్కడ ‘ఏమో, ఫిట్స్ అట’ అంటాడు. వైద్యుడు చేతిలో గీతలు పట్టుకొని చీకట్లో వెతకవలసి వస్తుంది.

కాబట్టి చూసినవారే పోవలెను. కన్నడం తడబడితే సిగ్గుపడక తెలుగులోనే చెప్పండి. కైవారం తాతయ్య తత్వాలు పాడిన భాష అది. బెంగుళూరు ఆస్పత్రులలో తెలుగు తెలిసిన నర్సమ్మో డాక్టరో దొరకకపోరు. జ్వరం ఉన్నదా, ఏ చేయి ముందు కొట్టుకొన్నది, కళ్ళు ఎటు తిరిగినవి, ఎంతసేపు, తరువాత ఎంతసేపు మగతగా ఉన్నాడు, క్రొత్తగా ఏ మాత్రలు మొదలుపెట్టినారు, ఇవి చెప్పండి. వాడుతున్న మందుల చీటీలు, పాత రిపోర్టులు అన్నీ పట్టుకుపోండి. ఇంటిలో ఫోను ఉన్న పిల్లలెవరైనా ఆ మూర్ఛను కాస్త చిత్రం తీసి ఉంటే అది వేయి మాటలకు సమానం.

పరీక్షకు ముందురోజు తలకు శుభ్రంగా స్నానం చేయించి, నూనె పెట్టకుండా తీసుకుపోవలెను. నూనె తలకు బిళ్ళలు అంటుకోవు. భోజనం మానవద్దు. వైద్యుడు చెప్పనిదే మూర్ఛ మందు ఒక్క పూట కూడా ఆపవద్దు. ముందటి రాత్రి తక్కువగా నిద్రపోయి రమ్మని చెబితే ఆ మాట పాటించండి. మగతలో కొన్ని గీతలు బాగా బయటపడతవి. పరీక్షలో గట్టిగా ఊపిరి పీల్చమంటారు, మెరిసే దీపం చూపిస్తారు. బెదరవలసిన పని లేదు. జ్వరంతోపాటు ఒక్కసారి చిన్న మూర్ఛ వచ్చి, వెంటనే తేరుకొని ఆడుకొంటున్న చిన్నపిల్లలకు సాధారణంగా ఈఈజీ అవసరమే ఉండదు. వైద్యుడు వద్దంటే ‘తీయలేదే’ అని బాధపడవద్దు.

మూర్ఛ వచ్చిన వేళ చేయవలసినది కూడా ఇక్కడే చెప్పి ముగిస్తాము. చేతిలో తాళంచెవి పెట్టడం, పండ్ల మధ్య చెంచా దూర్చడం, నోట్లో నీళ్ళు పోయడం, చెప్పు వాసన చూపించడం, ఇవన్నీ మానండి. మనిషిని ఒక ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టి, తల క్రింద మెత్తటిది పెట్టి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే, లేదా తేరుకోకుండానే మళ్ళీ వస్తే, ఆస్పత్రికి తీసుకుపోవలెను.

పెళ్ళి సంబంధాల మాట. మూర్ఛవ్యాధి ఉన్నవారి వివాహం చెల్లదనే నియమం హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు ఉండేది. 1999లో పార్లమెంటు దానిని తీసివేసింది. మందులతో నూటికి 70 మందివరకు మూర్ఛలు రాకుండా బ్రతకగలరు. ఆడపిల్లకు జబ్బు దాచి పెళ్ళి చేస్తే, అత్తవారింట ఎవరూ చూడకుండా మాత్ర మింగడం కుదరక, వారంలోపల మందు ఆగిపోతుంది. మందు హఠాత్తుగా ఆగితే మూర్ఛ మునుపటికంటె తీవ్రంగా వస్తుంది. దాచడం వలన పోయేది పరువు కాదు, ప్రాణం. ముందుగా చెప్పి, ఒప్పుకొన్నవారికే ఇవ్వండి. గర్భం ధరించదలచినప్పుడు మందు మార్చవలసి ఉండవచ్చును గనుక ముందుగానే వైద్యునికి చెప్పవలెను.

ఇక ఎక్కడికి పోవలెను? బెంగుళూరులోని నిమ్హాన్స్ మనకు తెలియనిది కాదు. మైసూరు ప్రభుత్వపు పాత మానసిక వైద్యశాలను, 1954లో వెలసిన అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థను కలిపి 1974లో ఏర్పరచిన సంస్థ అది. మన పొరుగున గౌరిబిదనూరులో నెలనెలా శిబిరం నడిపిన చరిత్ర దానికి ఉన్నది. 2022 జనవరిలో కర్ణాటక ప్రభుత్వమూ నిమ్హాన్స్ కలిసి మెదడు ఆరోగ్య పథకం ఒకటి ప్రారంభించి, మొదటగా ఎంచుకొన్న చోట్లలో మన చిక్కబళ్ళాపురం, కోలారు జిల్లాలను చేర్చినవి. మూర్ఛ, పక్షవాతం, మతిమరుపు, తలనొప్పి, ఈ జబ్బులకు జిల్లా ఆస్పత్రిలోనే చూపించుకొనే ఏర్పాటు అది. బాగేపల్లి నుంచి బెంగుళూరికి సుమారు 100 కిలోమీటర్లు, కూలి పోగొట్టుకొని పోవలె. ముందు జిల్లా ఆస్పత్రిలో అడిగి, అక్కడివారు పంపితే పట్నం పోవచ్చును.

పెట్టె అడుగున ఆ కాగితం ఉన్నవారికి మాదొక మనవి. ఈ వారంలోనే బయటికి తీయండి. దాని మీద తేదీ చూడండి. ఐదేళ్ళ నాటిదైతే, ఆ రోజు నెమ్మదించిన అల ఈ రోజు ఎట్లున్నదో ఎవరికి తెలుసు? మూర్ఛను చూసిన అవ్వను వెంటబెట్టుకొని, ఆ కాగితంతో వైద్యుని దగ్గరకు పోయి, ‘దీని అర్థం మాకు తెలుగులో చెప్పండి’ అని అడగండి. బడి మాన్పించిన పిల్లవాడు ఉంటే, వచ్చే జూన్‌లోగానే అడగండి.